డెబ్భై రెండు కిలోమీటర్లు మిగిలిన రాత్రి

గత మాసంలో ఒక సాయంకాలం, అస్ర్ నమాజు ముగిసిన తరువాత, మా మద్రసా ప్రాంగణంలో పిల్లలు ఆడుకుంటూ ఉండగా తొమ్మిదేళ్ల బాలుడొకడు నా దగ్గరకు వచ్చి నిలబడ్డాడు. వాడి వెనుక మరో నలుగురు. వాళ్లే వాడిని ముందుకు నెట్టి పంపారని చూడగానే అర్థమైంది.

"హజ్రత్, మీరు సైకిల్ పందెంలో ఓడిపోయారట గదా?" అన్నాడు.

"అది పందెం కాదు నాయనా" అన్నాను.

"మరి ఏమిటి?"

వివరించబోయాను. పందెం కాని పనిలో గడువు ఎందుకుంటుందో, గెలుపు లేనిచోట ఓటమి ఎలా వచ్చిందో ఆ వయసువాడికి చెప్పడం నాకు చేతకాలేదు. వాడు ఓపికగా విని, "అంటే ఓడిపోయారా, లేదా?" అని మళ్లీ అడిగాడు. మగ్రిబ్ వేళ అవుతోంది, వెళ్లి వుజూ చేసుకోండి అని తప్పించుకున్నాను. నిజానికి మగ్రిబ్‌కు ఇంకా ముప్పావు గంట సమయముంది. పిల్లలకు కూడా ఆ సంగతి తెలుసు.

ఆ రోజు వాడికి ఇవ్వలేకపోయిన జవాబును ఇక్కడ వ్రాసుకుంటున్నాను. కొంచెం పెద్దదే అవుతుంది, పాఠకులు మన్నించాలి.

నా వయస్సు ఇప్పుడు యాభై ఆరు. ఇరవై ఏడు సంవత్సరాలుగా మహబూబ్‌నగర్‌లోని ఒక మద్రసాలో హిఫ్జ్ తరగతికి బోధిస్తున్నాను. ఇంటి నుండి మద్రసాకు నాలుగు కిలోమీటర్లు. ఫజ్ర్‌కు ముందు వెళ్లడం, మధ్యాహ్నం రావడం, మళ్లీ వెళ్లడం, ఇషా తరువాత తిరిగి రావడం, ఇదంతా సైకిలు మీదనే. నాతోపాటు చదువుకొన్నవారు స్కూటర్లు కొనుక్కున్నారు, కొందరు కార్లు కూడా కొన్నారు. నాకు స్థోమత లేక కొంతా, అలవాటు వల్ల కొంతా ఆ నల్లని సైకిలే మిగిలింది. సైకిలును నేను ఏనాడూ వ్యాయామ సాధనంగా భావించలేదు. చెప్పులు, గొడుగు, సైకిలు, ఈ మూడూ నా దృష్టిలో ఒకే కోవకు చెందిన వస్తువులు.

యాభై మూడో ఏట రక్తపరీక్షలో చక్కెర వ్యాధి బయటపడింది. వైద్యుడు మాత్రలు వ్రాసి, బియ్యం తగ్గించమని, శరీరానికి శ్రమ పెంచమని చెప్పాడు. ఆ వారమే హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్న నా మేనల్లుడు ఇంటికి వచ్చాడు. సంగతి విని, "మామూ, మీరు రోజుకు పదహారు కిలోమీటర్లు ఎలాగూ తొక్కుతున్నారు. నాతో ఒకసారి రెండు వందలు తొక్కండి" అన్నాడు. రెండు వందల రూపాయల మాటేదో మాట్లాడుతున్నాడని అనుకున్నాను.

వాడు చెప్పింది రెండు వందల కిలోమీటర్లు. ఇటువంటి సవారీని 'బ్రెవే' అంటారట. అది ఫ్రెంచి మాట. పారిస్‌లో 1904లో ఏర్పడిన ఒక సైకిల్ సంఘం నియమాల ప్రకారం అనేక దేశాలలో వీటిని నిర్వహిస్తున్నారు. మన దేశంలోనూ చాలా నగరాలలో జరుగుతున్నాయి. 200 కిలోమీటర్లకు పదమూడున్నర గంటలు, 300కు ఇరవై గంటలు, 400కు ఇరవై ఏడు గంటలు, 600కు నలభై గంటలు గడువు. ఒక సంవత్సరంలో ఈ నాలుగింటినీ పూర్తిచేసినవారికి ప్రత్యేకమైన పేరున్నది. ముందు వచ్చినవారికి బహుమతి లేదు, వెనుక వచ్చినవారికి అవమానం లేదు. ప్రతి ఒక్కరికీ ఒక చిన్న కార్డు ఇస్తారు. మార్గమధ్యంలో నిర్ణయించిన చోట్ల, అక్కడి గడువు దాటక ముందే, ఆ కార్డు మీద ముద్ర వేయించుకోవాలి. తలకు హెల్మెటు, ముందూ వెనుకా దీపాలు, చీకట్లో మెరిసే పట్టీల అంగీ తప్పనిసరి. సైకిలు చెడిపోతే ఎవరికి వారే బాగుచేసుకోవాలి. దారి వెంట మనవాళ్లు కారులో వచ్చి సహాయం చేస్తే ఆ సవారీ చెల్లదు.

నాకు మొదట నచ్చినది ఆ కార్డు. ఇరవై ఏడేళ్లుగా పిల్లల హాజరు పుస్తకంలో సంతకాలు చేస్తున్నవాడిని. నా రాకపోకలకు ఇంకొకరు ముద్ర వేస్తారనే ఆలోచన విచిత్రంగా, ఒకింత ఆకర్షణీయంగా తోచింది.

ఇంట్లో అభ్యంతరాలు రాకపోలేదు. "ఈ వయసులో నలుగురిలో నవ్వులపాలు కావడానికి కాకపోతే ఎందుకండీ?" అన్నది నా భార్య. మద్రసా కమిటీలోని ఒక పెద్దమనిషి, మౌల్సాబ్ వేషం మార్చి బిగుతు నిక్కరుతో రోడ్డెక్కుతాడా అని ఎవరితోనో అన్నాడట. ఆ ప్రశ్న మాత్రం సరైనదే, నాకూ అదే సంకోచం ఉండేది. గంటల తరబడి సీటు మీద కూర్చోవాలంటే లోపల మెత్త కుట్టిన నిక్కరు తొడగక తప్పదు, లేకపోతే తొడలు ఒరుసుకుపోతాయి. దానిపైన వదులైన పైజామా తొడిగి, గొలుసులో చిక్కుకోకుండా చీలమండల దగ్గర పట్టీలు చుట్టాను. మోకాళ్లదాకా ఉన్న కుర్తాను మా వీధి దర్జీ నాలుగు అంగుళాలు కత్తిరించి పెట్టాడు. ఆ తరువాత ఏ సవారీలోనూ నా దుస్తుల గురించి ఎవరూ ఒక్క మాట అనలేదు. వారి చూపులన్నీ నా సైకిలు మీదనే ఉండేవి. మేనల్లుడు సెకండ్ హ్యాండులో ఇప్పించిన ఆ గేర్ల సైకిలు వెనుక, నేను నా పాత సైకిలు క్యారియరును విప్పి బిగించుకున్నాను.

మొదటి సవారీ సెప్టెంబరు చివరిలో. శంషాబాద్ నుండి కర్నూలు వెళ్లే జాతీయ రహదారిపై అడ్డాకుల సమీపం వరకు వెళ్లి తిరిగి రావాలి. ఉదయం ఆరు గంటలకు బయలుదేరాము. షాద్‌నగర్ దాటేవరకు ఉత్సాహంగానే ఉంది. బాలానగర్ వద్ద రోడ్డు పక్కన సీతాఫలాల గంపలు వరుసగా కనబడ్డాయి. ఆ ఊరి పేరే ఆ పండు రకానికి పెట్టారు కదా! జడ్చర్ల తరువాత ఎదురుగాలి మొదలైంది. నైరుతి రుతువు పూర్తిగా పోలేదు. గాలి పడమర, దక్షిణ దిక్కుల నుండి వీస్తోంది. కంటికి చదునుగా కనిపించే పాలమూరు రోడ్డు సైకిలు తొక్కేవాడికి చదును కాదని ఆ రోజే తెలిసింది. బస్సులో వందలసార్లు వెళ్లిన దారిలో అన్ని ఎత్తులున్నాయని నాకు అంతవరకు తెలియనే తెలియదు.

తిరుగుడు స్థానానికి గడువు 12 గంటల 40 నిమిషాలు. నేను 12 గంటల 20 నిమిషాలకు చేరి ముద్ర వేయించుకున్నాను. ఎదురుగా ఉన్న టీ దుకాణం యజమానురాలు నీళ్ల చెంబు అందిస్తూ, "ఏడికి పోతున్నరు సాయిబు గారూ?" అని అడిగింది. శంషాబాద్ నుండి వచ్చామని, మళ్లీ అక్కడికే వెళుతున్నామని చెప్పాను.

"గెలిస్తే ఏమిస్తరు?"

"ఏమీ ఇవ్వరు తల్లీ. ఎదురు మనమే డబ్బు కట్టాలి."

ఆమె నా మొహంకేసి, సైకిలుకేసి చూసి, "ఇంట్ల చెప్పే వచ్చిన్రా?" అన్నది. మేనల్లుడు టీ గొంతులో పడి దగ్గాడు.

ఆమె దుకాణం వెనుక చింతచెట్టు కింద జుహ్ర్ చేసుకున్నాము. నేను ప్రయాణికుడిని, మా హనఫీ ఫిఖహ్ ప్రకారం సుమారు 77 కిలోమీటర్లకు మించిన ప్రయాణంలో నాలుగు రకాతుల ఫర్జ్ రెండుగా కుదించబడుతుంది. మా మహబూబ్‌నగర్ అక్కడికి ఎంతో దూరంలో లేదు. కానీ జాతీయ రహదారి మా పట్టణంలో ప్రవేశించకుండా పక్కనుండి పోతుంది కనుక నేను ప్రయాణికుడిగానే ఉన్నాను. ఆ మసాయిల్‌ను సంవత్సరాల తరబడి నల్లబల్ల మీద వ్రాసి బోధించాను. నొప్పెడుతున్న మోకాళ్లతో నిలబడి రెండు రకాతులకే సలాం చెప్పిన ఆ మధ్యాహ్నం, ఆ వెసులుబాటు ఎంతటి దయయో నా శరీరానికి తెలిసివచ్చింది.

తిరుగు ప్రయాణంలో అదే గాలి వీపును తోసింది. షాద్‌నగర్ దాటి మగ్రిబ్ చేసుకుని, దీపాలు వెలిగించుకుని, 6 గంటల 55 నిమిషాలకు చేరాను. పన్నెండు గంటల యాభై ఐదు నిమిషాలు. కార్డు చివరి గడిలో ముద్ర పడింది. అల్ హమ్దు లిల్లాహ్ అన్నాను. ఆ తరువాత వారం రోజులపాటు కనబడిన ప్రతివారికీ ఆ కార్డు చూపించాను. ఈ సంగతి దాచడం న్యాయం కాదు. తరగతిలో పాఠం ఆపి మరీ చెప్పాను. "చూశారా, యాభై దాటిన మనిషి అనుకుంటే రెండు వందల కిలోమీటర్లు పోగలడు, మీరు పావు పారా గుర్తుపెట్టుకోలేరా?" అన్నాను. తిరుగు ప్రయాణంలో సగం పని గాలి చేసిందన్న మాట ఎవరికీ చెప్పలేదు. నాకే తోచలేదు.

ఈ సవారీల మూలం గురించి మేనల్లుడు చెప్పిన ఒక కథ ఇక్కడ చెప్పాలి. 1891లో ఒక ఫ్రెంచి పత్రిక, పారిస్ నుండి సముద్రతీరంలోని బ్రెస్ట్ నగరానికి వెళ్లి తిరిగివచ్చే సైకిల్ పోటీని నిర్వహించింది. మొత్తం సుమారు 1200 కిలోమీటర్లు. షార్ల్ టెర్రోం అనే వ్యక్తి నిద్రపోకుండా తొక్కి దాదాపు 71 గంటలలో మొదట చేరాడు. గాలి నింపిన రబ్బరు టైర్లు అప్పుడప్పుడే వస్తున్న రోజులవి. తరువాతి కాలంలో పోటీ పోయి సవారీ మిగిలింది. ఇప్పుడు నాలుగేళ్లకొకసారి జరుగుతుంది, గడువు తొంభై గంటలు. 2019లోనూ 2023లోనూ మన దేశం నుండి పెద్దసంఖ్యలో వెళ్లారట. నా మనసుకు పట్టింది మాత్రం వేరొక వివరం. ఆ దారిలోని పల్లెలవాళ్లు రాత్రిపూట ఇళ్ల ముందు బల్లలు వేసి, ముక్కూమొహం తెలియని సైకిలువాళ్లకు నీళ్లు, కాఫీ, రొట్టె ఇస్తూ కూర్చుంటారట. బాటసారికి నీళ్లివ్వడమనే పుణ్యకార్యం మన ఊళ్లలో చలివేంద్రాలతోనే ఆగిపోయిందని అనుకున్నవాడిని, ఆ మాట విని సంతోషించాను.

డిసెంబరులో 300 కిలోమీటర్ల సవారీ వచ్చింది. ఈసారి కృష్ణానది మీది బీచుపల్లి వరకు వెళ్లి రావాలి. ఉదయం 6 నుండి అర్ధరాత్రి దాటి 2 గంటల వరకు గడువు. ఫజ్ర్ చేసుకుని, ఉన్ని టోపీ మీద హెల్మెటు పెట్టుకుని బయలుదేరాను. మంచు పలుచగా ఉంది. సైకిలు దానంతట అదే పోతున్నట్లుంది. షాద్‌నగర్, జడ్చర్ల, భూత్పూర్ ఒకదాని తరువాత ఒకటి వెనక్కు పోయాయి. నాకంటే ఇరవై ఏళ్లు చిన్నవారిని దాటిపోతున్నాను. "మామూ, నెమ్మదిగా! ఏదైనా తినండి" అని మేనల్లుడు మూడుసార్లు అన్నాడు. రెండు అరటిపండ్లు, ఒక టీ తప్ప ఏమీ తీసుకోలేదు. ఆగితే వేగం పోతుందేమోనని భయం. నా శరీరంలో మూడు నెలలలో ఇంత బలం వచ్చిందా అని లోలోపల మురిసిపోయాను.

మధ్యాహ్నం 1 గంట 40 నిమిషాలకు నది కనబడింది. అక్కడి గడువు సాయంత్రం 4. రెండు గంటల ఇరవై నిమిషాలు మిగుల్చుకున్నాను! జుహ్ర్ చేసుకుని, ముద్ర వేయించుకుని, వంతెన మీద నిలబడి ఇంటికి ఫోను చేసి, రాత్రి పదకొండుకల్లా ముగిస్తానని గొప్పగా చెప్పాను. అప్పటికీ సరిగా తినలేదు, ఆకలిగా లేదనిపించింది.

సైకిలును ఉత్తరం వైపు తిప్పిన క్షణంలో గాలి ముఖానికి తగిలింది.

డిసెంబరులో మన ప్రాంతంలో గాలి ఈశాన్యం నుండి వీస్తుంది. ఇది బడిపిల్లవాడికి తెలిసిన విషయం. ఉదయమంతా నన్ను మోసుకువచ్చినది ఆ గాలే. సెప్టెంబరులో కష్టం ముందు వచ్చి సుఖం తరువాత వచ్చింది. ఈసారి సుఖాన్ని ముందే ఖర్చుపెట్టేశాను.

పెబ్బేరు వచ్చేసరికి కుడిచేతి చిటికెన వేలు, ఉంగరపు వేలు మొద్దుబారాయి. హ్యాండిలు మీద గంటల తరబడి అరచేతిని నొక్కిపెడితే అక్కడి నరం నలిగి అలా అవుతుందట. కొత్తకోట దగ్గర మోకాలి లోపల సూది గుచ్చినట్లు నొప్పి. అస్ర్ తరువాత మేనల్లుడు బలవంతంగా ఇడ్లీ తినిపించాడు. కడుపు దాన్ని స్వీకరించలేదు. కాలేయంలోనూ కండరాలలోనూ దాచుకున్న చక్కెర కొన్ని గంటలకు మించి రాదు. ఆకలి వేయక ముందే కొంచెం కొంచెంగా తింటూ పోవాలి. ఒకసారి ఖాళీ అయ్యాక కడుపు అన్నాన్ని తీసుకోదు, కాళ్లు మాట వినవు. చక్కెర వ్యాధికి మందులు వాడేవాడు మరింత జాగ్రత్తగా ఉండాలని వైద్యుడు నాకు ప్రత్యేకంగా చెప్పి పంపాడు కూడా. తెలియక చేసింది కాదు.

మగ్రిబ్ తరువాతి చీకటిని ఎలా వర్ణించాలో తెలియదు. దీపపు వెలుగు చాపంత మేర ముందు పడుతుంది. ఆ చాపను తరుముతూ పోవడమే. రోడ్డు అంచున ఎదురుగా, తప్పుదారిలో, దీపం లేని ట్రాక్టరు ఒకటి వచ్చి గుండె ఆగినంత పని చేసింది. అడ్డాకులలో ఆ తల్లి టీ దుకాణం మూసి ఉంది. దాని అరుగు మీద కూర్చుని వాంతి చేసుకున్నాను. మేనల్లుడు ఉప్పూ చక్కెరా కలిపిన నీళ్లు చెంచా చెంచాగా తాగించాడు. ముప్పావు గంటకు లేచి మళ్లీ బయలుదేరాము. ఒక కిలోమీటరు తొక్కడం, అర కిలోమీటరు నడవడం. నడుస్తున్నప్పుడు లారీలవాళ్లు హారన్ కొడుతూ పోయేవారు. అది హెచ్చరికో, సానుభూతో తెలియదు.

భూత్పూర్ దాటాక ఒక మూసిన దుకాణం ముందు సిమెంటు బల్ల కనబడితే కూర్చున్నాను. సమయం 9 గంటల 20 నిమిషాలు. సైకిలు మీది మీటరు 228 చూపిస్తోంది. మిగిలినవి 72 కిలోమీటర్లు. మిగిలినది నాలుగు గంటల నలభై నిమిషాలు. గంటకు పదిహేను కంటే కొంచెం ఎక్కువ. మేనల్లుడికి సాధ్యమే. నాకు కాదు. ఈ లెక్కను వాడు మనసులో అప్పటికే వేసుకుని, నాకు చెప్పకుండా ఊరుకున్నాడు.

"నీవు వెళ్లు" అన్నాను. వాడు వెళ్లనన్నాడు. "నేను నీ మామను, చెబుతున్నాను, వెళ్లు" అన్నాను. నా భార్యకు ఫోను చేయించి, నాకు మనిషి వస్తున్నాడని రూఢి చేసుకుని, తన దుప్పటి నాకు కప్పి, వాడు బయలుదేరాడు. వెనుక ఎర్రదీపం చిన్నదవుతూ పోయి కనుమరుగైంది. గడువుకు పన్నెండు నిమిషాల ముందు చేరాడని తెల్లవారాక తెలిసింది.

ఇషా ఆ బల్ల పక్కనే, కూర్చునే చేసుకున్నాను. నిలబడటానికి మోకాలు ఒప్పుకోలేదు.

నా ఇల్లు అక్కడికి పది కిలోమీటర్ల పైచిలుకు. మా పట్టణపు దీపాల కాంతి ఆకాశం అంచున లేతగా కనిపిస్తోంది. ఏ కీకారణ్యంలోనో ఆగిపోయి ఉంటే అంత బాధ కలిగేది కాదేమో. కార్డు జేబులోంచి తీసి చూశాను. చివరి గడి ఖాళీగా ఉంది. ఆ ఖాళీ గడిని చూస్తుండగా ఆరేళ్లనాటి ఒక బాలుడు గుర్తుకువచ్చాడు. గుర్తుకువచ్చాడని ఎందుకంటున్నాను? నా భార్య పంపిన మనిషి అతడే. అప్పటికి ఆ సంగతి నాకు తెలియదు.

ఆ పిల్లవాడు మా హిఫ్జ్ తరగతిలో చదివేవాడు. హిఫ్జ్ పద్ధతి తెలియని పాఠకుల కోసం ఒక మాట. ఆనాటి కొత్త పాఠాన్ని సబఖ్ అంటాము; వెనుక చదివినవాటి పునశ్చరణను ఆమూఖ్తా అంటాము. సబఖ్ ఎంత వేగంగా నడిచినా, ఆమూఖ్తా నిలవకపోతే కట్టిన గోడ వెనుకనుండి కూలుతూ ఉంటుంది. ఈ పిల్లవాడి సబఖ్ అద్భుతంగా ఉండేది. ఒక్కసారి వింటే పట్టేసేవాడు. ఆ సంవత్సరం వార్షిక జల్సాలో ఎంతమంది హాఫిజులకు తలపాగా కడతామన్నది కమిటీవారికీ నాకూ ప్రతిష్ఠగా ఉండింది. వాడిని పరుగెత్తించాను. వెనుకటిది బలహీనపడుతోందని నాకు కనబడుతూనే ఉన్నా, ముందు ముగించనీ, తరువాత చూసుకుందాం అనుకున్నాను. పదిహేడో పారాకు వచ్చేసరికి మొదటి పదీ కలగాపులగమైపోయాయి. ఒకటి ఎత్తుకుంటే ఇంకొకటి వచ్చేది. వాడు భయపడ్డాడు. భయపడేకొద్దీ మరిచిపోయాడు.

ఒకరోజు తరగతి అందరి ముందు వాడితో అన్నాను: "సగం దారిలో కూలబడేవాడు అసలు బయలుదేరకుండా ఉండవలసింది." మరునాటి నుండి రాలేదు. వాడి తండ్రి ఒకసారి వచ్చి, పిల్లవాడు పనిలో చేరాడని చెప్పి వెళ్లాడు. నేను వారి ఇంటికి వెళ్లలేదు. మా పక్క వీధే.

గంట గడిచాక ట్రాలీ ఆటో ఒకటి వచ్చి ఆగింది. దిగినవాడికి ఇరవై ఏళ్లుంటాయి, పలుచని గడ్డం. "అస్సలాము అలైకుం హజ్రత్. అమ్మీజాన్ పంపారు" అన్నాడు. గొంతు విని గుర్తుపట్టాను. ఆరేళ్లలో ఎన్నోసార్లు వీధిలో ఎదురుపడ్డాము. ప్రతిసారీ అతడు తల వంచుకుని పక్క సందులోకి తిరిగేవాడు. అతడు తిరిగిపోయినందుకు నాకు తేలికగా ఉండేది.

ఏమైంది అని అడగలేదు. సైకిలును మెల్లగా ఎత్తి, కూరగాయల సంచులు పరిచి వాటిమీద పడుకోబెట్టి, గీతలు పడకుండా తాడుతో కట్టాడు. నన్ను తన పక్కన కూర్చోబెట్టుకుని, ఫ్లాస్కులోంచి వేడి పాలు పోసి ఇచ్చాడు. అవి కడుపులో నిలిచాయి.

సగం దారి వరకు ఇద్దరమూ మాట్లాడలేదు. తరువాత నేనే, "ఆ పదిహేడూ ఉన్నాయా?" అని అడిగాను. అది మాటలు మొదలుపెట్టే పద్ధతి కాదని అనేశాక తోచింది.

"లేవు హజ్రత్. నాలుగో అయిదో ఉంటాయి, అవికూడా గట్టిగా లేవు. పొద్దున్నే మార్కెట్టుకు పోతూ చదువుకుంటా. కొన్నిచోట్ల ఆగిపోతాయి. ఎవరిని అడగాలో తెలీక వదిలేస్తా."

మా ఇంటి ముందు ఆటో ఆపాడు. సైకిలు దింపుతుంటే, "ఆ రోజు నేను ఆ మాట అనకుండా ఉండవలసింది" అన్నాను.

"ఏ మాట హజ్రత్?" అన్నాడు.

అతడికి గుర్తుంది. గుర్తు లేనట్లు అడిగాడు. నాకు మళ్లీ ఆ మాట నోటితో పలకవలసిన అవసరం రాకుండా చేశాడు. కిరాయి తీసుకోలేదు.

నా భార్య తలుపు తీసి నన్ను పైనుండి కిందిదాకా చూసి, "పదకొండుకల్లా అన్నారుగా, పదకొండే అయింది" అన్నది. నిజంగానే గడియారంలో పదకొండు దాటి కొద్ది నిమిషాలే అయింది.

ఆ తరువాత పది రోజులు మోకాలికి కట్టు కట్టుకుని బస్సులో మద్రసాకు వెళ్లాను. వైద్యుడు చీవాట్లు పెట్టాడు, అవి నాకు రావలసినవే. మందుల వేళలు మార్చి, ప్రతి గంటకూ ఏం తినాలో కాగితం మీద వ్రాసి ఇచ్చాడు. తరగతిలో ఒక్క మార్పు చేశాను: ఆమూఖ్తా తడబడిన పిల్లవాడికి ఆ రోజు కొత్త సబఖ్ ఇవ్వడం మానేశాను. ఈ ఏడాది జల్సాలో తలపాగాలు తగ్గుతాయని కమిటీవారికి ముందే చెప్పాను. ఒకాయన ముఖం చిట్లించాడు.

ఆ ట్రాలీ ఆటో అబ్బాయి ఇంటికి నేను వెళ్లాను. ఆరేళ్లు ఆలస్యంగా. ఇప్పుడతడు గురువారం, ఆదివారం ఇషా తరువాత మా ఇంటికి వస్తున్నాడు. మొదటి పారా నుండి మొదలుపెట్టాము. పగలంతా బరువులు మోసి వస్తాడు కనుక ఒక్కోసారి చదువుతూనే కునికిపాట్లు పడతాడు. అప్పుడు టీ తాగిస్తాను. ఏడు నెలలలో మూడు పారాలు స్థిరపడ్డాయి. పదిహేడు ఎప్పటికవుతాయో, ముప్పై అవుతాయో లేదో ఇద్దరమూ లెక్క వేయలేదు.

మొన్న ఆ తొమ్మిదేళ్లవాడిని నేనే పిలిచాను. "ఔను, ఓడిపోయాను. డెబ్భై రెండు కిలోమీటర్లు మిగిలిపోయాయి" అన్నాను.

వాడు కాసేపు ఆలోచించి, "మళ్లీ వెళతారా హజ్రత్?" అన్నాడు.

"డిసెంబరులో. ఇన్షా అల్లాహ్."

"అప్పుడూ ఆగిపోతే?"

"పక్క వీధిలో ట్రాలీ ఆటో ఉంది గదా" అన్నాను. వాడు పరుగెత్తుకుంటూ వెళ్లి మిగతా నలుగురికీ ఆ సంగతి చెప్పాడు.